సంతకం పెట్టి బండెక్కు తమ్ముడూ

బహ్రెయిన్‌లోని సనాబిస్‌లో ఎక్కడ తవ్వకం మొదలైనా అందరికంటే ముందు దిగేది బోర్డు. ప్రొక్లెయిన్ ఆ వెనకాల లోబెడ్ మీద తీరిగ్గా వస్తుంది. బోర్డు మీద పసుపు హెల్మెట్ పెట్టుకున్న బొమ్మ మనిషి బొటనవేలు పైకెత్తి నవ్వుతుంటాడు. అరబీలో ఒక వరుస, ఇంగ్లీషులో ఒక వరుస, కంపెనీకి మరీ దయ పుట్టిన ఏడాది హిందీలో ఇంకో వరుస. అన్నింటి సారం ఒకటే: భద్రతే మా ప్రథమ కర్తవ్యం. ఎవరి భద్రత అన్న సంగతి ఏ భాషలోనూ ఉండదు. తెలుగులో అసలు బోర్డే ఉండదు కాబట్టి మనవాడికి ఆ సందేహం వచ్చే ప్రమాదమూ లేదు.

బోర్డు అవతల గుంట. గుంట గట్టున ఇరవై టన్నుల చైన్ బండి. దాని క్యాబిన్లో జగిత్యాల పక్క పల్లె తమ్ముడు.

ఈ తమ్ముడి క్షేమం కోసం ఎంతమంది పాటుపడుతున్నారో వింటే కళ్లు చెమరుస్తాయి. ఊళ్లో ఏజెంటు, పట్నంలో ట్రేడ్ టెస్టు పెట్టిన పెద్దమనిషి, మనామాలో మ్యాన్‌పవర్ కంపెనీ, సైటులో సేఫ్టీ ఆఫీసరు, ఆపైన రెండు ప్రభుత్వాలు. ఇంతమంది తలలు బద్దలు కొట్టుకుని కనిపెట్టిన భద్రతా సూత్రం ఒక్కటే: ఏం జరిగినా తప్పు క్యాబిన్లో కూర్చున్నవాడిది. మిగతా నియమాలన్నీ ఈ సూత్రానికి రాసిన వ్యాఖ్యానాలు. వాటిని తెలుగులో పెట్టే పుణ్యం ఎవరూ కట్టుకోలేదు గనక నేను కట్టుకుంటున్నాను.

ముందు ఆ చోటు చూడాలి. సనాబిస్ ఒకప్పుడు సముద్రపుటొడ్డు పల్లె. ఇప్పుడక్కడ నిలబడి సముద్రం చూడాలంటే సీఫ్ అంతా దాటుకుని పోవాలి. ఆ సీఫ్ సముద్రాన్ని పూడ్చి చేసిన నేల. ఒకప్పుడు దాదాపు 665 చదరపు కిలోమీటర్లుండే బహ్రెయిన్ ఇప్పుడు 780 దాటింది. యుద్ధం చేసి గెలుచుకున్నది కాదు, ఇసుక పోసి గెలుచుకున్నది. ఆ ఇసుకను లాగి, తోసి, చదును చేసినవాళ్లలో మన కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాలవాళ్లు ఎందరో. ఒక దేశానికి ఇంత నేల తయారుచేసి ఇచ్చినవాడికి, ఆ నేల మీద క్యాంపు గదిలో ఇనుప మంచం పైఅర దొరికింది. శుక్రవారం సాయంత్రం డానా మాల్‌లో చల్లగాలికి తిరిగి, అక్కడో ఫోటో దిగి ఇంటికి పంపితే ఊళ్లో అందరూ అనేది ఒకటే మాట: వాడికేంటి, దుబాయిలో ఉన్నాడు. బహ్రెయిన్ దుబాయి కాదని చెప్పే ఓపిక తల్లికి కూడా లేదు.

ఇంతకీ తమ్ముడు ఆపరేటరు ఎలా అయ్యాడు? మనవైపు పద్ధతి తెలిసిందే. మొదట హెల్పరు. గ్రీజు గన్ను పట్టి పిన్నుపిన్నుకూ గ్రీజు కొట్టడం, డీజిలు క్యాను మోయడం, ఉస్తాద్‌కు టీ తేవడం. ఉస్తాద్ మధ్యాహ్నం తుమ్మచెట్టు కింద కునుకు తీసినప్పుడు దొరికే అరగంటే యూనివర్సిటీ. రెండేళ్లు అట్లా దొంగతనంగా నేర్చుకున్న చెయ్యి నిజంగానే మంచి చెయ్యి. బకెట్ పంటితో అగ్గిపెట్టె మూసేంత నాజూకు వస్తుంది. కాకపోతే ఆ విద్యలో రెండు పాఠాలుండవు: బండి ఎప్పుడు నడపకూడదు, నడపనని ఎవరికి చెప్పాలి. ఉస్తాద్‌కే తెలియని పాఠాలు శిష్యుడికెట్లా వస్తాయి?

ఆ కొరత తీర్చడానికి పట్నంలో శిక్షణ కేంద్రాలు వెలిశాయి. కొన్ని నిజంగానే నేర్పుతాయి. మిగతావి కాలాన్ని జయించినవి. సోమవారం చేరినవాడికి శనివారం మూడేళ్ల అనుభవ పత్రం చేతికొస్తుంది. ట్రేడ్ టెస్టు రోజు నలభైమంది వరుసలో నిలబడితే ఒక్కొక్కడికి బండి మీద దొరికేది రెండు నిమిషాలు: బూమ్ ఎత్తు, తిప్పు, దించు, దిగు, తర్వాతివాడు. పెళ్లిచూపుల్లో అమ్మాయిని ఇంతకంటే ఎక్కువ సేపు ప్రశ్నలడుగుతారు.

ఇక ఏజెంటు. కేంద్రం పెట్టిన నిబంధన ప్రకారం కూలికి పోయేవాడి దగ్గర ఏజెంటు గరిష్ఠంగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మాత్రమే తీసుకోవాలి. ఈ అంకె చెబితే మావైపు ఏజెంటు కోప్పడడు. అది జిరాక్సుల ఖర్చు అనుకుంటాడు. మిగతా లక్షలు ఎకరం కుదువ పెట్టి, మిత్తికి తెచ్చి కట్టినవే. గల్ఫ్‌లో భద్రత గురించి మాట్లాడే నిపుణులెవరూ ఈ మిత్తిని లెక్కలోకి తీసుకోరు. నూటికి మూడు రూపాయల మిత్తి నెత్తిన కూర్చున్నవాడు చెడిపోయిన బండి ఎక్కనని అంటాడా? ప్రొక్లెయిన్‌కు కనిపెట్టిన ప్రమాద నివారణ పరికరాలన్నింటినీ పని చేయకుండా చేసే శక్తి ఒక్క ప్రామిసరీ నోటుకుంది.

యంత్రం గురించి రెండు మాటలు చెప్పక తప్పదు. ఈ మొత్తం వ్యవహారంలో నిజాయితీగా ఉన్నది అదొక్కటే.

డీజిలు ఇంజను పంపును తిప్పుతుంది. పంపు నూనెను తోస్తుంది. ఆ నూనె కంట్రోల్ వాల్వు గుండా బూమ్‌కు, ఆర్మ్‌కు, బకెట్‌కు, పైభాగాన్ని తిప్పే స్వింగ్ మోటారుకు, కింద రెండు చైన్లను లాగే ట్రావెల్ మోటార్లకు పోతుంది. గట్టి పనిలో ఉన్నప్పుడు దాని ఒత్తిడి 350 బార్ల దాకా పోతుంది. కారు టైర్లో గాలికి నూటయాభై రెట్ల పైమాట. ట్రావెల్ లీవరు తోస్తే ఆ నూనె వచ్చి బ్రేకును విడిపిస్తుంది, బండి కదులుతుంది. లీవరు వదిలినా, ఇంజను ఆగినా, నూనె ఒత్తిడి పడిపోయినా లోపలి స్ప్రింగు బిగుసుకుని బ్రేకు తనంతట తానే పడుతుంది. ఎవరి అనుమతీ అడగదు, ఏ రిజిస్టర్లోనూ రాయదు. ఏదైనా చెడితే బండి ఆగిపోవాలి: ఆ ఇంజనీర్లు నమ్మింది ఇంత చిన్న సంగతి.

కంపెనీని తయారుచేసినవాళ్లు దీన్ని తిరగేసి బిగించారు. అక్కడ ఏదైనా చెడితే బండి ఆగదు, కాగితం కదులుతుంది.

పొద్దున ఐదున్నరకు సైటులో ఆ కాగితం కదిలే వైభవం చూడాలి. దాన్ని టూల్‌బాక్స్ టాక్ అంటారు. నలభైమంది మనుషులు, ఏడు భాషలు, ఒక సేఫ్టీ ఆఫీసరు. ఆయన ఇంగ్లీషులో చెబుతాడు, మలయాళీ ఫోర్‌మన్ దాన్ని హిందీ చేస్తాడు, నేపాలీ కుర్రాడు దాన్ని తలూపుడు చేస్తాడు. చివర ఒక అట్టకు క్లిప్పు పెట్టిన చెక్‌లిస్టు చేతులు మారుతుంది. ఇంజనాయిల్ ఓకే, హైడ్రాలిక్ ఆయిల్ ఓకే, హోసులు ఓకే, చైను బిగువు ఓకే, అద్దాలు ఓకే, హారన్ ఓకే, వెనక కెమెరా ఓకే. టిక్కులన్నీ ముందే కొట్టి ఉంటాయి, ఒకే పెన్నుతో, ఒకే వాలుతో. నెలకు సరిపడా ఒకేసారి కొట్టిపెట్టుకున్న ముందుచూపు అది. ఖాళీగా ఉంచేది తమ్ముడి సంతకం ఒక్కటే.

"సార్, ఆర్మ్ సిలిండర్ హోసు చెమరుస్తోంది."

"చెమరుస్తోందా, కారుతోందా?"

"చెమరుస్తోంది సార్."

"అయితే కారినప్పుడు చెప్పు. ముందు సంతకం పెట్టు. పది ట్రక్కులు లైన్లో ఉన్నాయి."

హోసు చెమర్చడమంటే ఏమిటో ఇక్కడ కాస్త ఆగి చెప్పుకోవాలి. నూనె పైపు మీద కంటికి ఆనని బెజ్జం పడుతుంది. దాని గుండా సన్నటి తుంపర వస్తుంది. ఎక్కడి నుంచి వస్తోందో కనబడదు. మనిషి సహజంగా చేసే పని చేత్తో తడమడం. చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోవడానికి 7 బార్ల ఒత్తిడి చాలు; ఇక్కడున్నది దానికి యాభై రెట్లు. గుడ్డ గ్లౌజు ఉన్నా లాభం లేదు. సూది గుచ్చినంత చుక్క, చిటికెడు మంట. రక్తం కూడా సరిగ్గా రాదు. తమ్ముడు వేలు నోట్లో పెట్టుకుని చీకి, మళ్లీ పనిలో పడతాడు. కొన్ని గంటల్లో చెయ్యి ఉబ్బుతుంది, నల్లబడుతుంది. లోపలికి పోయిన నూనె కండరాన్నీ నరాలనూ తింటూ మణికట్టు వైపు పాకుతుంది. వెంటనే ఆపరేషన్ చేసి లోపలంతా కడగకపోతే వేలు, చెయ్యి తీసేయాల్సి రావచ్చు. ఈ ముక్క తెలియని క్లినిక్‌లో నొప్పి మాత్ర ఇచ్చి, పట్టీ చుట్టి, రేపు డ్యూటీకి ఫిట్ అని రాసి పంపుతారు.

లీకును అట్టముక్క అడ్డం పెట్టి చూడాలని ప్రతి మాన్యువల్లోనూ ఉంది. అంతకుముందు ఇంజను ఆపి, లీవర్లు అటూఇటూ కదిపి, పైపుల్లో మిగిలిన ఒత్తిడి దించాలని కూడా ఉంది. సైటులో అట్టలకేం కరువు? సేఫ్టీ ఆఫీసరు చేతిలోని ప్యాడ్ కూడా అట్టే. కానీ కొత్త హోసు కావాలంటే కొనుగోలు విభాగంలో మూడు సంతకాలు కావాలి, మూడు కొటేషన్లు కావాలి, స్టోర్ కీపరు సెలవులోంచి రావాలి. చెయ్యి పోవడానికి ఏ ఆమోదమూ అక్కర్లేదు. ఖర్చు అదుపులో పెట్టడమంటే ఇదే మరి.

అదే క్యాబిన్లో సీటుకు ఎడమపక్క ఎర్ర పిడొకటి ఉంటుంది. అది ఎత్తితే జాయ్‌స్టిక్కులకు పోయే నూనె ఆగిపోతుంది. ఆ తర్వాత మోచెయ్యి తగిలినా, చొక్కా చిక్కినా బూమ్ కదలదు. దిగేటప్పుడు బకెట్ నేలకు ఆనించాలి, పిడి ఎత్తాలి, ఇంజను ఆపాలి, తాళం చెవి జేబులో వేసుకోవాలి. నాలుగు పనులు. పాత బండికి బ్యాటరీ నీరసంగా ఉంటుంది, ఆపితే మళ్లీ స్టార్టు కాదేమోనని ఇంజను ఆపవద్దంటారు. పిడి కింది స్విచ్చు ఎప్పుడో పాడైతే మెకానిక్ వైరు కలిపి డైరెక్ట్ చేసిపోయాడు. తాళం చెవి తీగ ముక్కతో డ్యాష్‌బోర్డుకు కట్టి ఉంటుంది, పోతుందని. మిగిలింది బకెట్ నేలకు ఆనించడం. పాతికశాతం భద్రత. పాస్ మార్కులు ఎంతో ఎవరూ చెప్పలేదు గదా.

ఇక ఫ్లాగ్‌మ్యాన్. ప్రొక్లెయిన్ ఆపరేటరుకు కుడిపక్క బూమ్ అడ్డం, వెనక ఇంజను గది, దానికి తగిలించి టన్నుల కొద్దీ బరువున్న ఇనుప దిమ్మ. పైభాగం గిర్రున తిరిగినప్పుడు ఆ దిమ్మ గోడకూ బండికీ మధ్య దూరినవాణ్ణి చూడలేదు, ఆపరేటరూ చూడలేడు. సనాబిస్ పాతవాడలో సందులెంత సన్నవో తెలిసినవాడికి అక్కడ మనిషి తప్పుకునే చోటు ఎంత ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు. అందుకే జెండా పట్టుకుని, ఆపరేటరు కంట్లో కన్ను పెట్టి, ఒకే మనిషి ఒకే పనిగా నిలబడాలి. టెండర్లో ఆ మనిషి ఉంటాడు. బిల్లులో కూడా ఉంటాడు. సైటులో ఉన్నవాడు పంపు పైపు లాగుతూ, పార పట్టి గుంట అడుగు సరిచేస్తూ, ట్రక్కు నంబర్లు రాస్తూ, మధ్యలో ఫోర్‌మన్‌కు కరక్ చాయ్ తెస్తూ కనిపించే బంగ్లాదేశ్ కుర్రాడు. జెండాను వెనక జేబులో దోపుకున్నాడు. రెండు చేతులూ ఖాళీగా లేవు మరి. వాడు ఉండకూడని చోటు ఏదైతే ఉందో, అంటే బకెట్ తిరిగే వలయం, వాడి పనంతా సరిగ్గా అక్కడే ఉంటుంది.

వాడు దిగే గుంట మాటేమిటంటారా? పూడ్చిన ఇసుక నేల, రెండు మూడు మీటర్లు తవ్వేసరికి ఊరే ఉప్పునీళ్లు. తడి ఇసుక ఒక ఘనపు మీటరు దాదాపు రెండు టన్నులు తూగుతుంది. అమెరికా నిబంధనల్లో 5 అడుగుల లోతు దాటితే గుంట గోడలకు ఆసరా ఉండాలి, తవ్విన మట్టి అంచుకు కనీసం 2 అడుగుల దూరంలో పోయాలి. ఇక్కడ మట్టి అంచునే పోస్తారు, దూరంగా పోస్తే రోడ్డు మూసుకుపోతుందని. ఆ మట్టి పక్కనే ఇరవై టన్నుల బండి నిలబెడతారు, దాని చైన్లు గుంటకు అడ్డంగా ఉండాలా నిలువుగా ఉండాలా అని ఎవరూ అడగరు. అంచు జారితే వెనక్కి పోగలిగేట్టు, స్ప్రాకెట్ వెనకవైపు ఉండేట్టు నిలబెట్టాలని పుస్తకం చెబుతుంది. పైభాగం సగం చుట్టు తిరిగి ఉన్నప్పుడు లీవరు ముందుకు తోస్తే బండి వెనక్కి పోతుందన్న ఒక్క సంగతి, కంగారులో, పదకొండో గంట డ్యూటీలో ఎంతమందికి గుర్తుంటుంది?

భూమి కింద వ్యవహారం ఇంకా గమ్మత్తు. బహ్రెయిన్లో రోడ్డు తవ్వాలంటే ముందు వేలీవ్ అనుమతి తీసుకోవాలి. కరెంటు, నీళ్లు, టెలిఫోను, మురుగు శాఖలన్నీ తమ లైన్లు ఎక్కడున్నాయో చూసి సరేననాలి. మంచి పద్ధతి, మన మున్సిపాలిటీలు చూసి సిగ్గుపడాల్సిన పద్ధతి. ఆ తర్వాత గీతల మీద నమ్మకం పెట్టుకోకుండా చేతి పారతో చిన్న గుంట తవ్వి కేబుల్ను కంటితో చూసుకోవాలి. ఆ చేతిగుంట తవ్వే పూట మాత్రం షెడ్యూల్లో ఎప్పుడూ దొరకదు. నక్షా ఇంజనీరు ల్యాప్‌టాప్‌లో భద్రంగా ఉంటుంది. తమ్ముడి దగ్గరుండేది బకెట్. కేబుల్ తెగితే వీధంతా చీకటి, ఆ తర్వాత జరిమానా చర్చ మొదలవుతుంది. సంతకం చూడండి, ఎవరిది?

మధ్యాహ్నపు ఎండ గురించి బహ్రెయిన్ను మెచ్చుకోవాల్సిందే. 12 నుంచి 4 గంటల దాకా బయటి పని నిషేధం. మొదట జూలై, ఆగస్టు రెండు నెలలే ఉండేది, 2025లో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మూడు నెలలు చేశారు. తప్పితే జరిమానాతో పాటు జైలు కూడా ఉంది. మన సిరిసిల్లలోనో, రామగుండంలోనో మే నెల మిట్టమధ్యాహ్నం తారు పోసేవాళ్లకు ఇలాంటి చట్టం ఉందా అని ఎవరూ నన్ను అడక్కండి, పరువు పోతుంది. కానీ చట్టమున్నచోట తెలివీ ఉంటుంది. నాలుగు గంటలు పోయాయి గనక పొద్దున నాలుగున్నరకే బస్సు, సాయంత్రం పొద్దుపోయేదాకా డ్యూటీ. మధ్యలో విశ్రాంతి అంటే రేకు షెడ్డు నీడ. ఏసీ పాడైన క్యాబిన్, అద్దాలు మూసిన క్యాబిన్, ఎండలోకి వస్తుందా నీడలోకి వస్తుందా అన్నది వేదాంత చర్చ. 2012 నాటి కార్మిక చట్టంలో వారానికి 48 గంటలని ఉంది, పైన చేస్తే పగలు 25 శాతం, రాత్రి 50 శాతం అదనమని ఉంది. తమ్ముడు ఆ అదనం కోసమే అదనంగా కూర్చుంటాడు. మిత్తి ఎదురుగా కూర్చుని ఉంది గదా.

ఇవన్నీ అరబ్బు దేశపు అన్యాయాలని తిట్టుకుని గుండె తేలిక చేసుకుందామంటే, ఇంటివైపు కూడా ఒకసారి తిరగాలి.

మనం ఈ యంత్రాన్ని ప్రేమించినంతగా ప్రపంచంలో ఎవరూ ప్రేమించలేదు. 2019 మేలో దేశమంతా జేసీబీ తవ్వుతుంటే ఫోన్లలో చూసి మురిసింది. మన నాయకుడు ఊరికొస్తే క్రేనుకు గజమాల వేలాడుతుంది, రోడ్డుకిరువైపులా బకెట్లు ఎత్తిన బండ్లు పూలు కురిపిస్తాయి. ఆ బకెట్లో పూలతో పాటు నలుగురు కార్యకర్తలు కూడా నిలబడి ఉంటారు, కింద వేలమంది జనం, మధ్యలో కరెంటు తీగ. బకెట్లో మనుషుల్ని ఎక్కించకూడదు, ఎత్తిన బకెట్ కింద మనిషి ఉండకూడదు అన్నవి ఈ వృత్తిలో మొట్టమొదటి రెండు నియమాలు. రెండింటినీ ఒకేసారి, బ్యాండు మేళంతో, పోలీసు బందోబస్తు మధ్య ఉల్లంఘించే కార్యక్రమాన్ని మనం ఘనస్వాగతం అంటాం. ఆ నాయకుడే మర్నాడు గల్ఫ్ కార్మికుల భద్రతపై సమీక్ష జరుపుతాడు.

కూల్చివేతలు సరేసరి. 2019 జూన్‌లో ఉండవల్లిలో ప్రజావేదిక పడినప్పుడూ, 2024లో హైదరాబాద్‌లో కబ్జాలు కూల్చే హైడ్రా పుట్టి ఆగస్టు 24న మాదాపూర్‌లో ఎన్ కన్వెన్షన్ నేలమట్టమైనప్పుడూ టీవీ కెమెరాలన్నీ బకెట్ పంటి మీదే ఉన్నాయి. కూల్చడం న్యాయమా అన్యాయమా అని పదిరోజులు కొట్టుకున్నాం. ఆ ఏడాది నవంబరు 13న సుప్రీంకోర్టు కూడా కలగజేసుకుని, 15 రోజుల నోటీసు ఇవ్వనిదే ఇళ్లు పడగొట్టొద్దంది. కూలే గోడకు ఎదురుగా, రాలే స్లాబు కింద, దుమ్ములో మాస్కు లేకుండా కూర్చున్నవాడి నెత్తిన క్యాబిన్ కప్పుకు రక్షణ జాలీ ఉందా అని ఏ పక్షమూ అడగలేదు. అతని పేరు ఏ స్క్రోలింగులోనూ రాలేదు.

ఒక ఆపరేటరు పేరు మాత్రం ఒక్కసారి వచ్చింది. 2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు పొంగి ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిదిమంది చిక్కుకుపోయారు. గంటలు గడిచాయి, హెలికాప్టరు రాలేదు. ఒక జేసీబీ ఆపరేటరు బండి తీసుకుని వరదలోకి పోయి తొమ్మిదిమందినీ తెచ్చాడు. ప్రతి మాన్యువల్లోని ప్రతి నియమానికీ విరుద్ధంగా, నూటికి నూరు పాళ్లు న్యాయంగా. రాష్ట్రమంతా చప్పట్లు కొట్టింది, నాయకులు ఫోన్లు చేశారు. ఆయన హర్యానా నుంచి పొట్టకూటికి మన దగ్గరికొచ్చిన మనిషి. మనవాడు బహ్రెయిన్‌కు పోయినట్టే ఆయన ఖమ్మానికొచ్చాడు. ప్రభుత్వాలు సమయానికి తేలేని భద్రతను ఒక వలస ఆపరేటరు ప్రాణాన్ని పణంగా పెట్టి తెచ్చిస్తే, దాన్ని మనం వీరగాథ అన్నాం. వైఫల్యం అనలేదు.

చివరికి లెక్కలు. కేంద్రం వారి ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంది: రెండేళ్లకు 275 రూపాయల ప్రీమియం, ప్రమాదంలో పోయినా పూర్తిగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షలు. తెలంగాణ ప్రభుత్వం 2024లో గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబానికి 5 లక్షలు ప్రకటించింది. రెండూ మంచివే, రెండోది ఏళ్ల తరబడి గల్ఫ్ సంఘాలు కాళ్లరిగేలా తిరిగితే వచ్చింది, వాటిని వెక్కిరించే హక్కు నాకు లేదు. చావుకు రేటు నిర్ణయమైంది, సంతోషం. చెమర్చే హోసుకు ఎవరు డబ్బిస్తారన్నది ఇంకా పరిశీలనలో ఉంది. ఆజాద్ వీసా మీద పోయి, ఒకరి పేరున సీపీఆర్ గుర్తింపు కార్డు, ఇంకొకరి సైటులో పని చేసేవాడు, ఆ తర్వాత ఖల్లివెల్లి, అంటే కాగితాల్లేని మనిషి, అయినవాడు ఏ పథకంలోకి వస్తాడో అదీ పరిశీలనలోనే ఉంది.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1981లో 155వ నంబరు ఒప్పందం రాసింది. ప్రాణానికి తక్షణ ముప్పు ఉందని సహేతుకంగా నమ్మి పని నుంచి తప్పుకున్న కార్మికుణ్ణి శిక్షించకూడదని అందులో ఉంది. ఆ బండిలో స్ప్రింగు బ్రేకు చేసే పనే అది, కాకపోతే మనిషికి బిగించారు. బహ్రెయిన్ దాన్ని ఆమోదించింది. మన దేశం ఇంకా ఆమోదించలేదు. బోర్డు రాయించే కంపెనీలు బొమ్మ మనిషి బొటనవేలు తీసేసి ఆ ఒక్క వాక్యం రాయిస్తే చాలు, అరబీలో, హిందీలో, బెంగాలీలో, తెలుగులో.

ఏటా ఉగాదికి హాలు బుక్ చేసి, సినిమా గాయకుణ్ణి విమానం ఎక్కించి తెచ్చే మన ప్రవాస సంఘాల పెద్దలకు ఒక మనవి. వచ్చే ఏడాది గాయకుడికి బదులు ఒక మంచి ప్రొక్లెయిన్ మెకానిక్‌ను పిలవండి. పొద్దున బండి ఎక్కేముందు చూసుకోవాల్సిన సంగతులన్నీ తెలుగులో అచ్చేసి, క్యాంపు గదుల తలుపులకు అంటించండి. హాలు అద్దెలో పదోవంతు కూడా కాదు. పట్నంలో శిక్షణ పేరుతో శాలువాలు కప్పించుకునే ప్రభుత్వ పెద్దలారా, అనుభవ పత్రాలిచ్చే దుకాణాల మీద కూడా ఒకసారి బుల్డోజరు పంపండి, 15 రోజుల నోటీసు ఇచ్చే పంపండి.

తమ్ముడూ, నీకు మాత్రం ఒకటే మాట. హోసు చెమర్చినా, గుంట అంచు బీటలిచ్చినా, కుర్రాడు కనబడకపోయినా బకెట్ నేలకు దించు, ఎర్ర పిడి ఎత్తు, ఇంజను ఆపు, తాళం చెవికి కట్టిన తీగ తెంపి దాన్ని జేబులో వేసుకుని దిగు. ఫోర్‌మన్ అరుస్తాడు, అరవనియ్. కాగితం ముందుకు తోస్తే, హోసు పక్కన "లీకు ఉంది" అని తెలుగులోనే రాసి, తేదీ వేసి, ఆ కాగితాన్ని నీ ఫోనుతో ఫోటో తీసుకున్నాకే సంతకం పెట్టు.